మేడిగడ్డ మీద ఒక వాట్సాప్ తగువు: సిరొంచ తాలూకా నుంచి ఒక కేసు

ఈ కేసు నా దగ్గరికి పరువు నష్టం పేరుతో వచ్చింది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో గోదావరి ఒడ్డున ఉన్న నాలుగైదు ఊళ్ల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఇంకొకాయనను ‘దలాల్’ అన్నాడు. ఆ మాట పడ్డాయన పోలీస్ స్టేషన్‌కు పోతానని అందులోనే రాశాడు. గ్రూపు అడ్మిన్ బడిలో మాస్టారు. నాకు మొదట ఫోన్ చేసింది ఆయనే. తిట్టినవాళ్ల గురించి కాదు, తన గురించే అడిగాడు: ‘గ్రూప్ నాది గద సార్, కేసు నా మీదికి గూడ వస్తదా?’

ఆ భయం తీరితే తప్ప మిగతా పని సాగదు కాబట్టి అది ముందు చెప్పాను. గ్రూపులో ఒక సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ను నేరస్తుడిగా చూడాలంటే ఇద్దరికీ ఉమ్మడి ఉద్దేశం ఉందని తేలాలి, అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యత రాదని 2021లో బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచి తేల్చింది. గడ్చిరోలి జిల్లా ఆ బెంచి కిందికే వస్తుంది. మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు. అప్పటిదాకా ‘అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టగలరు’ అని బిగించి పెట్టిన గ్రూపును తెరిచాడు. నన్నడిగితే, మూసిన గ్రూపులో తగువు చల్లారదు, ఇంకో రెండు చిన్న గ్రూపుల్లోకి పోయి అక్కడ ఎదురు చెప్పేవాడు లేక ముదురుతుంది.

నేను మధ్యవర్తిత్వం చేసేవాణ్ణి. గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, కౌలు బాకీలు నా రోజువారీ పని. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో ఊరి ప్రశాంతతకు సంబంధించిన తగువులను ముగ్గురు మధ్యవర్తుల ముందు పెట్టుకునే వీలు 43వ సెక్షన్‌లో ఉంది కానీ, ఈ కేసు అంతదాకా పోలేదు. మామూలుగా కూర్చోబెట్టి మాట్లాడించాం. ఇద్దరూ ఒప్పుకున్న మీదటే రాస్తున్నాను. పేర్లు, ఊళ్లు ఉండవు.

ఇక్కడి సంగతి తెలియనివాళ్లకు కొంత చెప్పాలి. సిరొంచలో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, భూమి కాగితమంటే సాత్‌బారా, దాని కోసం తిరిగేది ఊరి రెవెన్యూ ఉద్యోగి తలాఠీ చుట్టూ. పిల్లను ఇచ్చేదీ తెచ్చుకునేదీ మాత్రం నది అవతల: మహదేవపూర్, మంథని, చెన్నూరు, కొందరు కరీంనగర్ దాకా. అందుకే తెలంగాణలో ఏ గాలి వీచినా దుమ్ము ఇటు కూడా పడుతుంది.

తెలంగాణ కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టులో భాగమైన మేడిగడ్డ బ్యారేజీకి ఒక కొన జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంటే రెండో కొన సిరొంచ తాలూకా పోచంపల్లి దగ్గర ఉంది. 2016 ఆగస్టు 23న రెండు రాష్ట్రాలూ ముంబైలో ఒప్పందం చేసుకుని బ్యారేజీ నీటిమట్టం 100 మీటర్లకు ఖాయం చేశాయి. 2019 జూన్ 21న ప్రారంభించారు. 85 గేట్లు, 16.17 టీఎంసీల నిల్వ. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పియర్లు, అంటే గేట్లను మోసే స్తంభాలు, కుంగాయి. ఆ నవంబర్ 30న తెలంగాణలో ఎన్నికలు. తమకు ఓటే లేని ఆ ఎన్నికల కోసం ఈ గ్రూపులో అన్నదమ్ములు మాటలు అనుకున్నారు.

అన్నదమ్ములని ఊరికే అనలేదు. తిట్టినాయన, పడ్డాయన అక్కచెల్లెళ్ల పిల్లలు. పెద్దాయనకు యాభై దాటాయి, బ్యారేజీకి ఎగువన వాగు పక్కన భూమి, పత్తి, మిర్చి వేస్తాడు. చిన్నాయన కరీంనగర్‌లో పని చేసుకుంటున్నాడు, అత్తగారి ఊరు అటే. ప్రాజెక్టు వచ్చాక అక్కడి చెరువు ఎండాకాలంలో నిండడం ఆయన కళ్లారా చూశాడు. అసలు ఈ గ్రూపు పుట్టింది 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు. వచ్చే చుట్టాలకు బండ్లు, వసతి కుదర్చడానికి మాస్టారే మొదలుపెట్టాడు. పుష్కరాలు అయిపోయినా ఎవరూ బయటికి పోలేదు.

నేను చేసిన మొదటి పని, గ్రూపు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయించి కాగితం మీద చదవడం. ఫోన్‌లో చదివితే కోపం మాత్రమే కనిపిస్తుంది, కాగితం మీద వరస కనిపిస్తుంది. ఎక్కువ భాగం ఫార్వర్డులే, ‘చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది’ అన్న జంట బాణం గుర్తుతో. ఎవరి కట్టడం, ఎవరి కమీషన్, ఎవరు కూల్చారు. వీళ్ల చేతులతో వీళ్లు రాసుకున్నవి అక్కడక్కడా మాత్రమే ఉన్నాయి. తగువు రాజుకున్న చోటు ఇది, ఉన్నదున్నట్టు:

‘మిర్చి మొత్తం నీళ్లల్ల మురిగింది. ఈ బ్యారేజీ మా కొంప ముంచింది.’

‘86ల బ్యారేజీ ఎక్కడిదన్నా? అప్పుడు మునుగలేదా? గోదారి ఒడ్డుకు ఉన్నంక మునుగుడు కొత్తనా?’

‘నీకేం తెల్సురా, ఏసీల కూసోని.’

‘వాస్తవం మాట్లాడితే కోపమెందుకన్నా.’

‘నువ్వు వాళ్ల దలాల్‌వు.’

ఆ తర్వాత ఇరవై ముప్పై మంది వచ్చి చేరారు. బొటనవేళ్లు, చప్పట్లు, నవ్వే బొమ్మలు, రెండు పార్టీల వీడియోలు.

వ్యవసాయం తెలిసినవాళ్లకు మొదటి రెండు వాక్యాల మధ్యే తేడా తగలాలి. 1986 వరద ఆగస్టులో వచ్చింది, భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ఇప్పటికీ అదే రికార్డు. 2022 వరద జూలైలో, అక్కడ 71.3 అడుగులు. మిర్చి నాటేది వానలు వెనకపట్టాక. జూలైలో చేనులో ఉండేది పత్తి. మిర్చి మురిగిందంటే అది వరద నీళ్లకు కాదు. అన్న ఒక నీటి గురించి చెప్తుంటే తమ్ముడు ఇంకో నీటి గురించి జవాబిచ్చాడు. తమ్ముడు చెప్పిన 1986 సంగతి నిజమే, అయితే అది అన్న మాటకు జవాబు కాదు. ఇంతమందిలో ఒక్కరు కూడా ‘ఏ నెల సంగతి చెప్తున్నవన్నా?’ అని అడగలేదు. అందరికీ వ్యవసాయం తెలుసు. అయినా ఎవరికీ తట్టలేదంటే కారణం అజ్ఞానం కాదు, అప్పటికే ఎవరి వైపు వాళ్లు నిలబడ్డారు.

ఈ దశలో మాస్టారు ఒక ఉపాయం చెప్పాడు: రోజూ ఒకవైపు వీడియో, ఇంకోవైపు వీడియో జంటగా పెడదాం, రెండూ చూస్తే జనం సర్దుకుంటారు. బడి మాస్టారుకు సహజంగా తోచే ఆలోచనే. నేను వద్దన్నాను. అమెరికాలో క్రిస్ బెయిల్ బృందం 2018లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ట్విట్టర్ వాడేవాళ్లకు డబ్బులిచ్చి నెల రోజులు అవతలి పక్షం మాటలు చూపించారు. రిపబ్లికన్లు మెత్తబడలేదు సరికదా, తమ వైపుకే ఇంకాస్త జరిగారు. డెమొక్రాట్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అక్కడి సంగతి ఇక్కడికి అచ్చంగా సరిపోతుందని కాదు గానీ, అవతలివాడి అరుపు వినిపించినంత మాత్రాన మనిషి మారడన్నది నా పనిలో రోజూ చూసేదే.

దానికి బదులు ఇద్దరినీ వేర్వేరుగా కూర్చోబెట్టి ఒకే పని అడిగాను. నీళ్లు మీ చేనులోకి ఎట్లా వచ్చాయో, అత్తగారి చెరువులోకి ఎట్లా వచ్చాయో గీసి చూపించండి. ‘ఎందుకు’ అని అడగలేదు. ఎందుకు అంటే కారకుల పేర్లు వస్తాయి, ఎట్లా అంటే దారి వస్తుంది. మనకు ఒక వస్తువు ఎట్లా పని చేస్తుందో బాగా తెలుసనుకుంటాం, వివరించమంటే తడబడతాం అని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లోనే చూపించారు. 2013లో ఇంకొకరు ఒక అడుగు ముందుకేసి, విధానాలను అట్లా వివరించమంటే జనం అభిప్రాయాల్లో తీవ్రత తగ్గుతుందన్నారు. శిక్షణ తరగతుల్లో ఇది మంత్రంలా చెప్తారు. కానీ 2021లో అదే ప్రయోగాన్ని తిరిగి చేసి చూస్తే, తమకు తెలిసింది తక్కువేనని జనం ఒప్పుకున్నారు తప్ప అభిప్రాయాల తీవ్రత తగ్గలేదు. కాబట్టి కోపం తగ్గించడానికి ఈ పద్ధతి వాడను. ఏ నీటి గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోవడానికి వాడతాను. దానికి ఇది బాగా పనికొస్తుంది.

పెద్దాయన బొమ్మ ఇప్పటికీ నా దగ్గరుంది. నోటు పుస్తకం మధ్య పేజీలో గోదావరి, దాంట్లో కలిసే వాగు, వాగు వంపులో చేను. పెన్నుతో చూపిస్తూ చెప్పాడు: ‘వరదొచ్చినప్పుడు గేట్లన్ని లేపుతరు సార్. నీళ్లొస్తయ్, పోతయ్, ఒండ్రు గూడ ఇడిసి పోతయ్. దాని మీద నాకు కోపం లేదు. వానలు తగ్గినంక గేట్లు దించుతరు సూడు, అప్పుడు వాగు నీళ్లు గోదాట్లకు దిగయ్. ఎనకకు తంతయ్. చేను తడి ఆరదు. మిర్చి వేరు కుళ్లుద్ది.’

అంటే ఆయన తిట్టింది వరదను కాదు, దించిన గేట్లను. అది గ్రూపులో రాయలేదు. ఎందుకు రాయలేదంటే, ‘కొంప ముంచింది’ అన్న ఒక్క మాటకు చప్పట్లు వచ్చాయి కనుక ఇంకా చెప్పాల్సిన అవసరం పడలేదు. ఇది ఆయన మాటే.

చిన్నాయన గీసింది చాలా పెద్ద బొమ్మ. మేడిగడ్డ నుంచి అన్నారం, సుందిళ్ల, ఎల్లంపల్లి, అక్కడి నుంచి మిడ్ మానేరు. చక్కగా గీశాడు. మేడిగడ్డ పైన నది పక్కన ఏముందో గీయమన్నాను. ఖాళీగా వదిలాడు. అక్కడ తన సొంత ఊరు ఉంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేదు.

మూడోసారి ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాం, మాస్టారు ఇంటి వసారాలో. ఊరి పెద్ద ఒకాయన కూడా వచ్చాడు. కుర్చీలో సర్దుకున్నాడో లేదో, ‘ఇద్దరి మాటల్ల నిజముంది, ఇద్దరి మాటల్ల తప్పుంది, చేతులు కలుపుకోండ్రి, చాయ్ తాగుదాం’ అన్నాడు. మంచి మనిషే. కానీ నేను ఒప్పుకోలేదు. చెరి సగం తీర్పు చూడ్డానికి ఇంపుగా ఉంటుంది కానీ అది కూడా బద్ధకమే, ఇటో అటో దూకడానికి తోబుట్టువు. ఒకడు ఈ చేను బ్యారేజీ వల్ల చెడిందని, ఇంకొకడు కాదని అంటే, నిజం సరిగ్గా మధ్యలో ఉండాలని ఎక్కడా లేదు. ఆ చేను వరకు అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది కావచ్చు. పక్క ఊరి విషయంలో అదే అన్న పూర్తిగా తప్పు కావచ్చు.

అందుకని మూడు కాగితాలు పెట్టాం. ఒకదాని మీద వానాకాలం వరద: గేట్లు లేపి ఉన్నప్పుడు ఏ చేలు మునిగాయి. రెండో దాని మీద గేట్లు దించినప్పటి నిలవ నీరు. మూడో దాని మీద ప్రాజెక్టు మంచిదా చెడ్డదా, డబ్బు ఎవరు తిన్నారు అన్న పెద్ద ప్రశ్న. మూడో కాగితాన్ని మడిచి మాస్టారు జేబులో పెట్టించాను. ఆ ప్రశ్న చిన్నదని కాదు. అది ఆ వసారాలో తేలేది కాదు. నేషనల్ డ్యామ్ సేఫ్టీ అథారిటీ నిపుణులే పియర్లు కుంగడానికి ఒక్క కారణం చెప్పలేదు. ప్రణాళిక, డిజైన్, నాణ్యత నియంత్రణ, నిర్వహణ అన్నింట్లోనూ లోపాలున్నాయన్నారు. గ్రూపులో మాత్రం ఆ నివేదికనే ఒకరు ‘చూశావా, డిజైనే తప్పు’ అని, ఇంకొకరు ‘చూశావా, నిర్వహణే తప్పు’ అని తలో ముక్క కోసుకున్నారు.

మొదటి రెండు కాగితాలు నింపుతుంటే కొత్త సంగతులు బయటపడ్డాయి. బ్యారేజీకి దిగువ ఊళ్లవాళ్ల గోడు నిలవ నీరు కానే కాదు. నీళ్లు ఒక్కసారిగా వదిలినప్పుడు ఒడ్డు కోతపడుతోంది, చేలో ఇసుక మేట వేస్తోంది. వాళ్లు ఇన్నాళ్లూ ఎగువవాళ్లతో కలిసి ‘ముంపు, ముంపు’ అనే అరిచారు, ఎందుకంటే గ్రూపులో ఉన్న నినాదం అది. ఎగువన కూడా ఒకరిద్దరి చేలు నదికి చాలా దూరం. వాటిలో నీళ్లు నిలిచింది రోడ్డు కింద మోరీ ఇరుకై. ఈ మాట వాళ్ల నోటితో వాళ్లే అన్నారు, కొంచెం సిగ్గుపడుతూ.

ఇదంతా తీరుబడి కబుర్లలా కనిపించవచ్చు, డబ్బు లెక్కకు వచ్చేదాకా. వరద, అతివృష్టి నష్టానికి దారి పంచనామా, అంటే అధికారులు చేను చూసి నష్టం రాసుకోవడం. పంట 33 శాతం పైగా పోతే సాయం. 2022 ఆగస్టులో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ ఏటి వానాకాలపు నష్టానికి దాన్ని మూడు హెక్టార్ల దాకా పెంచి, వర్షాధార పంటకు హెక్టారుకు 13,600, నీటి వసతి ఉన్న పంటకు 27,000 రూపాయలు చేసింది. బ్యారేజీ నిలవ నీటితో చెడే భూమికి ఆ దారి కుదరదు. అది ప్రకృతి విపత్తు కాదు, భూసేకరణ కింద అడగాలి. ఒడ్డు కోతకు అడగాల్సింది రక్షణ గోడ. ఇరుకు మోరీకి అడగాల్సింది పంచాయతీని. నాలుగు బాధలకు నాలుగు ఆఫీసులు. అన్నింటినీ కలిపి ‘బ్యారేజీ మా కొంప ముంచింది’ అని ఒక అర్జీ రాస్తే అది ఏ బల్ల మీదా ఆగదు. అంతకు ముందు ఊరందరూ సంతకాలు పెట్టి ఇచ్చిన అర్జీ అట్లాంటిదే, తిరుగుతూనే ఉంది.

ఇక్కడ పెద్దాయన ఒక ప్రశ్న వేశాడు. నాకు ఈ కేసులో అన్నింటికంటే బరువైనది అదే. ‘మునిగినోడే మెల్లగ మాట్లాడాల్నా సార్? ముంచినోడు, సూసినోడు ఎట్లనన్న మాట్లాడొచ్చునా?’

జవాబు తేలిక కాదు. ‘నిదానంగా, అన్ని కోణాల్లో ఆలోచిద్దాం’ అనే సలహా ఎప్పుడూ చేను మునగనివాడి నోటి నుంచే వస్తుంది. నష్టపోయినవాడికి అది ‘నోర్మూసుకో’ అన్నట్టే వినిపిస్తుంది. చాలాసార్లు దాని అర్థం కూడా అదే. కరీంనగర్ తమ్ముడు ‘వాస్తవం’ అన్న మాట వాడిన తీరు చూడండి. మాట నిజమే, వాడింది అన్న నోరు మూయించడానికి. సూక్ష్మంగా చూడడమనేది నష్టపోయినవాడి మీద వేసే పన్ను అయితే, దానికంటే కేకలే నయం.

అందుకే గ్రూపుకు పెట్టుకున్న కట్టుబాటును తలకిందులుగా పెట్టాం. నష్టం చెప్పుకునేవాడు ఎట్లాగైనా చెప్పుకోవచ్చు, గొంతు పెంచొచ్చు. జవాబిచ్చేవాడు మాత్రం ముందు రెండు సంగతులు అడగాలి: ఏ చేను, ఏ నెల. అవి అడగకుండా జవాబు పెడితే మాస్టారు తీసేస్తాడు. అడ్మిన్ ఎవరి మెసేజ్ అయినా తొలగించే సదుపాయం వాట్సాప్‌లో 2022 నుంచి ఉంది. నదికి సంబంధించిన ఫార్వర్డులు పూర్తిగా బంద్, పెట్టాలనుకుంటే తన మాటల్లో రెండు ముక్కలు రాసి పెట్టాలి. ఇంతకు మించి నియమాలు పెట్టలేదు. పెట్టినా ఎవరూ చదవరు.

‘దలాల్’ సంగతి చివరికి వచ్చింది. పెద్దాయన తమ్ముడి వైపు చూసి, ‘తమ్మీ, నిన్నన్న మాట ఎనకకు తీసుకుంట. బ్యారేజీని అన్న మాట తీసుకోను’ అన్నాడు. ‘తీసుకోకన్నా. అది నీ చేను. నేను 86 ముచ్చట ఆడ తెచ్చుడు తప్పు’ అన్నాడు చిన్నాయన. పోలీస్ స్టేషన్ మాట మళ్లీ రాలేదు. చిన్నాయన తన అత్తగారి చెరువు మీద అభిప్రాయం ఏమీ మార్చుకోలేదు. మార్చుకోవాలని ఎవరూ అడగలేదు కూడా. అక్కడ నీళ్లు నిండాయి, ఇక్కడ వేరు కుళ్లింది. రెండూ జరిగాయి.

గ్రూపు అంతటితో బాగుపడిందని చెప్పను. కొందరు విసుగొచ్చి బయటికి పోయారు, ‘చప్పగైంది’ అని. వాళ్లు వేరే గ్రూపు పెట్టుకున్నారని విన్నాను, అందులో ఫార్వర్డులు జోరుగా ఉన్నాయట. కాళేశ్వరం మీద విచారణ జరిపిన జస్టిస్ ఘోష్ కమిషన్ 2025 జూలై 31న తన నివేదిక ఇచ్చిన తర్వాత మా గ్రూపులో కూడా కట్టుబాటు తెగింది. మాస్టారు తీసేస్తూ ఉంటే వీళ్లు పెడుతూ ఉన్నారు. ఒక పూటంతా ఆయనకు అదే పని. అయితే ఆ రచ్చ మూడో కాగితం మీదే జరిగింది. ఎవరి చేను గురించీ ఎవరూ ఎవరినీ అనలేదు. నా లెక్కలో అది తేడానే.

ఇంకో పని అనుకోకుండా జరిగింది. పియర్లు కుంగిన తర్వాత మేడిగడ్డలో నీళ్లు నిలపడం ఆపేశారు, గేట్లు లేపి ఉంచారు. పెద్దాయన కొడుకు, డిగ్రీ చదివే కుర్రాడు, ఒక మాట అన్నాడు: ‘బాపూ, ఇప్పుడు గేట్లు తెరిచే ఉన్నయ్. ఇప్పుడు గూడ నిలిస్తే అది బ్యారేజీ నీళ్లు కాదు గద.’ 2024 వానాకాలం నుంచి కొందరు తమ చేలో నీళ్లు ఎప్పుడు వచ్చాయి, ఎప్పుడు దిగాయి అని తేదీ కనిపించేలా ఫోటో తీసి గ్రూపులో పెడుతున్నారు, కింద సర్వే నంబర్ రాసి. పెద్దాయన చేనులో వానలు వెనకపట్టాక తడి ఆరింది, మిర్చి నిలబడింది. తన మాటకు ఆయనకు దొరికిన గట్టి సాక్ష్యం అదే. అవి ఇప్పుడు భూసేకరణ అర్జీకి జతచేసి ఉన్నాయి. అర్జీ ఇంకా నడుస్తోంది.

రోడ్డు పక్క చేలలో మాత్రం గేట్లు లేచి ఉన్నా నీళ్లు అట్లాగే నిలిచాయి. దాంతో వాళ్లు మోరీ పెద్దది చేయమని పంచాయతీకి విడిగా రాసిచ్చారు. ప్రస్తుతం గ్రూపులో నడుస్తున్న తగువు ఆ మోరీ మీదే: రెండు గూనలు (గొట్టాలు) వేయాలా, నాలుగా, వేస్తే ఆ నీళ్లు దిగువనున్న ఎవరి చేలో పడతాయి అని. దానికి నన్ను పిలవలేదు.